అంచు పలచన, మూతి సన్నం: వైన్ గ్లాసుకు డబ్బు ఎక్కడ పెట్టాలి

షాపులో వైన్ గ్లాసు చేతికి తీసుకోగానే చూపుడు వేలు అంచు మీద పెట్టి నిదానంగా ఒక చుట్టు తిప్పండి. అంచు దగ్గర గాజు కాస్త లావెక్కి, సన్నటి తీగ చుట్టినట్టు ఉబ్బెత్తుగా తగిలితే ఆ గ్లాసును అక్కడే వదిలేయండి. ఏ ఉబ్బూ తగలకుండా, గాజు ఒకే పలచనతో పైదాకా వచ్చి నున్నగా ముగిస్తే మిగతా పరీక్షలకు పోవచ్చు. పెట్టె మీద రాసిన ప్రీమియం, లగ్జరీ, క్రిస్టల్ లాంటి మాటలన్నీ కలిపినా ఈ ఒక్క చుట్టు చెప్పినంత చెప్పవు.

ఆ ఉబ్బు ఎందుకొస్తుందో తెలిస్తే దాన్ని ఎందుకు వద్దంటున్నానో అర్థమవుతుంది. యంత్రం మీద ఊదిన గ్లాసు అచ్చులోంచి బయటికి వచ్చేటప్పటికి దాని మూతి తెరుచుకుని ఉండదు. పైన టోపీలాగా అదనపు గాజు ఉంటుంది, దాన్ని కోసి తీసేయాలి. చవక పద్ధతిలో మంటతోనే కోసేస్తారు. కరిగిన గాజు చల్లారేలోగా తనంతట తానే గుండ్రంగా ముడుచుకుని అంచు చుట్టూ పూసలా మిగిలిపోతుంది. ఖర్చయ్యే పద్ధతిలో చల్లారిన గాజు మీద సన్నటి గీత పెట్టి తుంచుతారు, లేదా లేజరుతో కోస్తారు. తర్వాత సాన పట్టి, పదును పోయేంత మేరకే మంట చూపిస్తారు. ఉబ్బు అంచు తొందరగా పెచ్చులూడదు కాబట్టి రోజూ వందల గ్లాసులు కడిగే హోటళ్లకు అది నప్పుతుంది. తాగేవాళ్ల పెదవికి నప్పదు. వైన్ ఆ గట్టు ఎక్కి దిగి నోట్లోకి రావాలి. సన్నటి ధారగా రాకుండా ఒక్కసారిగా మీద పడుతుంది, గ్లాసు దించాక ఒక చుక్క బయటివైపు జారుతుంది. పలచటి అంచయితే పెదవికీ వైన్‌కూ మధ్య గాజు ఉన్న సంగతే గుర్తు రాదు.

ఇవాళ్టి ధరల్లో ఉబ్బు అంచు గ్లాసు ఇంచుమించు 100 నుంచి 200 రూపాయలకు దొరుకుతుంది. యంత్రం మీద చేసినా అంచు కోసి సాన పట్టిన మంచి గ్లాసు 400 నుంచి 800 మధ్య ఉంటుంది. యూరప్‌లో నోటితో ఊది చేసినవి 4000 దాటతాయి. నా వాదన ఏమిటంటే, మొదటి మెట్టు నుంచి రెండో మెట్టుకు ఎక్కినప్పుడు వైన్ వాసన, రుచి నిజంగానే మారతాయి. రెండో మెట్టు నుంచి మూడో మెట్టుకు పోతే మారేది చేతిలో బరువు, కంటికి అందం. ఆ అందం విలువైనదే, కానీ దాన్ని వైన్ రుచి అని నమ్మి కొనకూడదు. రెండో మెట్టు మీద ఆగి, మిగిలిన డబ్బు సీసా మీద పెట్టడం మేలు.

గ్లాసు ఆకారం పని చేసేది ముక్కు దగ్గర. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (టమోటా, పుట్టగొడుగుల్లో తగిలే కమ్మటి రుచి). జామపండు వాసన, మిరియాల వాసన, తడిమట్టి వాసన అని మనం వైన్ గురించి చెప్పుకునేవన్నీ ముక్కు పసిగట్టేవే. అందుకే గ్లాసులో సగానికి పైగా ఖాళీగా ఉండాలి. వైన్‌ను గుండ్రంగా తిప్పినప్పుడు పలచటి పొరగా పక్కగోడలకు పాకుతుంది, ఆ పొర నుంచి వాసన లేస్తుంది. లేచిన వాసన చెదిరిపోకుండా పైన నిలవాలంటే పొట్ట వెడల్పుగా, మూతి సన్నంగా ఉండాలి. మన కుండ ఆకారమే అది. మూతి బయటికి విచ్చుకున్న గ్లాసులో ఎంత తిప్పినా వాసన నిలవదు, పైగా తిప్పుతుంటే వైన్ చొక్కా మీద పడుతుంది.

దీనికి ఒక కొలత ఉంది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1977లో వైన్ రుచి చూసేవాళ్ల కోసం ఐఎస్ఓ 3591 అనే ప్రమాణం పెట్టింది. అందులో పొట్ట వెడల్పు 65 మిల్లీమీటర్లు, మూతి 46 మిల్లీమీటర్లు, మొత్తం ఎత్తు 155 మిల్లీమీటర్లు, పట్టేది సుమారు 215 మిల్లీలీటర్లు. రుచి చూడటానికి అందులో పోసేది 50 మిల్లీలీటర్లే. ఆ గ్లాసు ఇంట్లో భోజనంతో తాగడానికి చిన్నది, అదే కొనమని చెప్పను. దాన్నుంచి తీసుకోవలసింది నిష్పత్తిని. మూతి వెడల్పును పొట్ట వెడల్పుతో భాగిస్తే సుమారు 0.7 వస్తుంది. జేబులో చిన్న టేపు పెట్టుకుని షాపుకు వెళ్లండి. 0.65 నుంచి 0.75 మధ్య వస్తే ఆకారం బాగున్నట్టు. 0.85 దాటితే అది నీళ్ల గ్లాసుకు కాడ అతికించినట్టే. 0.55 కన్నా తగ్గితే ముక్కు లోపలికి పోదు, ఆల్కహాల్ ఘాటు ఎక్కువగా తగులుతుంది, కడిగేటప్పుడు చెయ్యీ పట్టదు.

ఆకారానికి నిజంగా పని ఉందని కళ్లతో చూపించినవాళ్లూ ఉన్నారు. టోక్యో మెడికల్ అండ్ డెంటల్ యూనివర్సిటీలో కోజి మిత్సుబయాషి బృందం 2015లో గ్లాసు పైన లేచే ఆల్కహాల్ ఆవిరిని ఫొటో తీసే కెమెరా ఒకటి తయారుచేసింది. 13 డిగ్రీల దగ్గర వైన్ గ్లాసులో ఆవిరి అంచు చుట్టూ ఉంగరంలా కనిపించింది, మధ్యలో తక్కువగా ఉంది. అంటే ముక్కు మధ్యలో పెడితే ఆల్కహాల్ ఘాటు అడ్డుపడకుండా మిగతా వాసనలు అందుతాయి. సాదా గ్లాసులోనూ, గరాటులా విచ్చుకున్న మార్టినీ గ్లాసులోనూ ఆ ఉంగరం కనిపించలేదు. వైన్ వేడెక్కినప్పుడు వైన్ గ్లాసులోనూ అది నిలవలేదు. ఈ చివరి మాట మన వాతావరణంలో చాలా ముఖ్యం, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇదే వరసలో ఒక అబద్ధాన్ని కూడా పక్కన పెట్టాలి. ఫలానా గ్లాసు వైన్‌ను నాలుక కొసన పడేస్తుంది కాబట్టి తీపి తెలుస్తుంది, ఫలానాది పక్కలకు పంపిస్తుంది కాబట్టి పులుపు తెలుస్తుంది అని అమ్మకాల మాటల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. 1901లో హేనిగ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు రాసిన పరిశోధనను తర్వాతివాళ్లు తప్పుగా చదవడం వల్ల పుట్టిన నాలుక పటం ఇది. అన్ని రుచులూ నాలుక మీద అన్ని చోట్లా తెలుస్తాయి. చిటికెడు ఉప్పు నాలుక కొస మీద వేసుకుంటే చాలు, సంగతి తేలిపోతుంది. నాలుక పటం మీద ఆధారపడి ద్రాక్ష రకానికొక గ్లాసు అమ్మేవాళ్ల మాట వినాల్సిన పని లేదు.

అలాగని ద్రాక్షకొక గ్లాసు అనే ఆలోచన తెచ్చినవాళ్లను తీసిపారేయడం న్యాయం కాదు. ఆస్ట్రియాలో గాజు తయారీదారు క్లాస్ రీడెల్ 1958లో ఫ్రాన్స్ బర్గండీ ప్రాంతపు వైన్ కోసం పెద్ద పొట్టతో ఒక గ్లాసు చేశాడు, 1973లో సొమెలియే పేరుతో ఒక పూర్తి వరస తెచ్చాడు. అంతవరకూ ఖరీదైన గ్లాసంటే మందంగా, రంగులతో, చెక్కిన పువ్వులతో ఉండేది. నగిషీ ఏదీ లేని పలచటి గాజే వైన్‌కు సరైనదని లోకాన్ని ఒప్పించినవాళ్లలో ఆయన ముందుంటాడు. ఈ రోజు 500 రూపాయల గ్లాసు ఇంత బాగుండటానికి ఆ ఆలోచన పాకడమే కారణం. నేను ఒప్పుకోనిది ఇంటికి ఆరు రకాలు కావాలనడాన్ని. స్విట్జర్లాండ్‌లో వైన్ విమర్శకుడు రెనే గాబ్రియేల్ అన్ని వైన్లకూ ఒకే గ్లాసు చాలని తన పేరుతోనే గ్లాసు తెచ్చాడు. ఇంగ్లండ్‌లో వైన్ రచయిత్రి జాన్సిస్ రాబిన్సన్ కూడా 2018లో డిజైనర్ రిచర్డ్ బ్రెండన్‌తో కలిసి అదే పని చేసింది. ఎరుపు, తెలుపు, బుడగలొచ్చే వైన్ అన్నింటికీ ఒకే గ్లాసు. బతుకంతా వైన్ రుచి చూసి రాసేవాళ్లే ఒకటి చాలంటుంటే, నెలకు రెండు మూడు సీసాలు తెరిచే ఇంటికి ఆరు రకాలు ఎందుకు?

మన దగ్గర తాగే వైన్లను చూస్తే ఒకటే చాలన్న మాట ఇంకా గట్టిపడుతుంది. నాశిక్ నుంచి, బెంగళూరు దగ్గర నంది కొండల నుంచి వచ్చే వాటిలో ఎక్కువ కనిపించే ద్రాక్ష రకాలు తెలుపులో షెనాన్ బ్లాంక్, సావిన్యోన్ బ్లాంక్, ఎరుపులో షిరాజ్, కబెర్నే. కర్ణాటకలో హంపి కొండల దగ్గర హైదరాబాదు దంపతులు కృష్ణప్రసాద్, ఉమ చిగురుపాటి పెంచిన తోట నుంచి వచ్చేవీ ఇంచుమించు ఈ రకాలే. సంజోవేజె అనే ఇటలీ ద్రాక్ష కూడా వాళ్ల దగ్గర ఉంది. వీటిలో దేనికీ 800 మిల్లీలీటర్ల బర్గండీ బుడ్డి అక్కర్లేదు. 350 నుంచి 450 మిల్లీలీటర్లు పట్టే, గుడ్డు ఆకారపు గ్లాసు వీటన్నింటికీ సరిపోతుంది. పెట్టె మీద 40 సీఎల్ (సెంటీలీటర్లు) అని ఉంటే 400 మిల్లీలీటర్లని అర్థం. అంచు దాకా నింపితే పట్టే కొలత అది, పోసుకోవలసిన కొలత కాదు. పొట్ట ఎక్కడ బాగా వెడల్పుగా ఉందో అక్కడి దాకానే పోయాలి. 400 గ్లాసులో అది సుమారు 120 నుంచి 150 దగ్గర వస్తుంది. 750 మిల్లీలీటర్ల సీసాకు 125 చొప్పున సరిగ్గా ఆరు గ్లాసులు.

ఇప్పుడు ఎండ సంగతి. తెల్ల వైన్ 8 నుంచి 12 డిగ్రీల దగ్గర, ఎర్ర వైన్ 16 నుంచి 18 డిగ్రీల దగ్గర బాగుంటాయి. ఎర్ర వైన్ గది వేడిమిలో తాగాలన్న మాట చల్లటి దేశాల పాత ఇళ్లలో పుట్టింది. విజయవాడలో ఏప్రిల్ సాయంత్రం గది 33 డిగ్రీలుంటే ఆ మాట చెల్లదు. ఆ వేడిలో ఎర్ర వైన్ నుంచి ముందు లేచేది ఆల్కహాల్ ఘాటు. పండు వాసన దాని వెనక దాక్కుంటుంది. కాబట్టి మన ఇళ్లలో గ్లాసు ఎంపికకు వేడి ఒక పెద్ద లెక్క. పొట్ట ఎంత పెద్దదైతే వైన్ అంత పలచగా పరుచుకుని అంత తొందరగా గది వేడికి చేరుతుంది. పెద్ద గ్లాసు గొప్పగా కనిపించినా మన వేసవిలో చెడ్డ బేరమే. ఎర్ర వైన్‌ను కూడా తాగే ముందు 16 నుంచి 18 డిగ్రీలకు చల్లబడేదాకా ఫ్రిజ్‌లో ఉంచి, 75 నుంచి 100 మిల్లీలీటర్ల చొప్పున కొద్దికొద్దిగా పోసుకోండి. సీసాను ఐసునీళ్లలోనో ఫ్రిజ్‌లోనో ఉంచండి.

ఇదే కారణంగా కాడ లేని గ్లాసులు నేను కొనమని చెప్పను. 2004 నుంచి అవి బాగా వ్యాపించాయి. కడగడం సులువు, అలమరలో పడతాయి, తూలి పడవు. ఇవన్నీ నిజమే. కానీ అరచేయి వేడి 30 డిగ్రీలకు పైనే, పలచటి గాజు ఆ వేడిని ఆపదు. 10 డిగ్రీల తెల్ల వైన్‌ను అరచేతిలో పట్టుకుని కూర్చుంటే కాసేపట్లోనే దాని పులుపులోని చురుకు పోతుంది. చల్లటి ఊళ్లో ఉండే తెలుగువాళ్లకు, డెన్వర్‌లోనో డబ్లిన్‌లోనో ఉన్నవాళ్లకు, నేను ఇంత పట్టుపట్టను. మన దగ్గర మాత్రం కాడ అలంకారం కాదు, పిడి. కొనేటప్పుడు కాడ మీద మూడు వేళ్లు హాయిగా పడుతున్నాయో లేదో చూడండి. 7 నుంచి 9 సెంటీమీటర్ల కాడ చాలు. అంతకన్నా పొడవైతే అలమరలో ఇరుక్కుంటుంది, సింకులో కుళాయికి తగులుతుంది. షాపుకు వెళ్లే ముందు ఇంట్లో అలమర అరల మధ్య ఎత్తు కొలుచుకోండి. మొత్తం ఎత్తు 20 నుంచి 22 సెంటీమీటర్ల గ్లాసులు చాలా ఇళ్లలో పడతాయి. 24 దాటినవి చాలాసార్లు పడుకోబెట్టాల్సి వస్తుంది, పడుకోబెట్టిన గ్లాసు ఎక్కువ కాలం బతకదు.

కాడ ఎలా పుట్టిందో కూడా చూడాలి. మంచి గ్లాసుల్లో పొట్ట అడుగున ఉన్న వేడి గాజునే కిందికి సాగదీసి కాడ చేస్తారు. పొట్ట కాడలోకి అతుకు లేకుండా జారినట్టు కనిపిస్తుంది. చవక వాటిలో కాడను, గ్లాసు నిలబడే కింది పీటను విడిగా అచ్చుపోసి అంటిస్తారు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పొట్ట, కాడ కలిసే చోట గీతలాగానో చిన్న మెట్టులాగానో తెలుస్తుంది, కాడ వెంబడి నిలువుగా అచ్చు గీత వేలికి తగులుతుంది. అంటించిన కాడ అంత మాత్రాన చెడ్డదని కాదు. అతుకు దగ్గర బుడగ గానీ, పక్కకు వంకర గానీ ఉంటే మాత్రం అక్కడే విరుగుతుంది. గ్లాసును గట్టి బల్ల మీద పెట్టి పీటను ఒకవైపు మెల్లగా నొక్కండి, కటకట ఆడితే వద్దు. పీట వెడల్పు కనీసం పొట్ట వెడల్పుకు దగ్గరగా ఉండాలి. తర్వాత కళ్ల ఎత్తులో పెట్టి చూడండి, కాడ పొట్టకు నిలువుగా ఉందా, అంచు అడ్డంగా సమంగా ఉందా. ఒకే పెట్టెలో ఆరింటిలో ఒకటి ఒరిగి ఉండటం యంత్రం సరుకులో మామూలే, అందుకే పెట్టె తెరిచి ఆరూ చూడాలి. బరువు 400 మిల్లీలీటర్ల గ్లాసుకు 120 నుంచి 170 గ్రాములుంటే సరి. నోటితో ఊదినవి 90 గ్రాముల దాకా దిగుతాయి. 220 దాటితే గాజు మందమని అర్థం.

క్రిస్టల్ అనే మాట చుట్టూ చాలా అయోమయం ఉంది. మామూలు గాజు ఇసుక, సోడా, సున్నంతో చేసేది. 1674లో ఇంగ్లండ్‌లో జార్జ్ రేవెన్స్‌క్రాఫ్ట్ క్రిస్టల్ లాంటి గాజుకు పేటెంటు తీసుకున్నాడు, కొద్దికాలానికే అందులో సీసం కలిపాడు. అప్పటి నుంచి క్రిస్టల్ అంటే సీసం ఉన్న గాజు. బరువు, మెరుపు, మీటితే మోగే నాదం దాని గుర్తులు. యూరప్‌లో 1969 నిబంధన ప్రకారం లెడ్ క్రిస్టల్ అనాలంటే కనీసం 24 శాతం లెడ్ ఆక్సైడ్ ఉండాలి. ఇవాళ మంచి వైన్ గ్లాసుల్లో ఎక్కువ భాగం సీసం లేని క్రిస్టల్. సీసం బదులు జింక్, బేరియం, పొటాషియం ఆక్సైడ్లు కలుపుతారు. జర్మనీలో త్స్వీజెల్ కంపెనీ ట్రైటాన్ అనే రకంలో టైటానియం, జిర్కోనియం ఆక్సైడ్లు వాడుతుంది. వీటివల్ల గాజు పలచగా ఉన్నా గట్టిదనం వస్తుంది, డిష్‌వాషర్‌ను తట్టుకుంటుంది. పలచటి గ్లాసుకు ఆ గట్టిదనం కోసం డబ్బిస్తే అర్థముంది. మోగే నాదం కోసం ఇవ్వొద్దు. అంచు ఉబ్బున్న క్రిస్టల్ కన్నా అంచు కోసిన మామూలు గాజే వైన్‌కు మేలు.

ఇంట్లో పాత లెడ్ క్రిస్టల్ గ్లాసులుంటే పారేయనక్కర్లేదు. గ్లాసులో వైన్ ఉండే కాసేపట్లో దిగే సీసం కొద్దిదే. ఎప్పుడో ఒకసారి వాడితే భయపడాల్సినంత కాదు, రోజూ వాడటానికి మాత్రం సీసం లేనివే ఉంచుకోండి. అసలు ప్రమాదం డికాంటర్ దగ్గర, అంటే సీసాలోంచి వైన్ ఒంపి ఉంచే గాజు కూజా దగ్గర. 1991లో ప్రచురితమైన కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధనలో పోర్ట్ అనే తియ్యటి వైన్‌ను లెడ్ క్రిస్టల్ డికాంటర్లలో నాలుగు నెలలు నిలవ ఉంచితే లీటరుకు 2000 మైక్రోగ్రాములకు పైగా సీసం దిగింది. అందంగా ఉందని అలమరలో వైన్ గానీ విస్కీ గానీ నింపి పెట్టుకునే డికాంటర్ లెడ్ క్రిస్టల్‌దైతే ఖాళీ చేసి షోకేసులో పెట్టుకోండి.

షాంపేన్ కోసమని ఫ్లూట్ అనే సన్నటి పొడవాటి గ్లాసులు విడిగా కొనొద్దు. బుడగలు వరసగా పైకి లేవడం చూడ్డానికి బాగుంటుంది, ముక్కుకు చోటుండదు. ఆ బుడగలు పుట్టేది కూడా ఫ్లూట్ ఆకారం వల్ల కాదు. గాజుకు అంటుకున్న సన్నటి నూలు పోగుల్లో చిక్కిన గాలి నుంచి పుడతాయని ఫ్రాన్స్‌లో రాన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరార్ లిజే బెలేర్ చూపించాడు. మీ మామూలు గ్లాసును నూలు గుడ్డతో తుడిచి అందులోనే పోయండి. రెండు పొరల గాజు గ్లాసులు చలవ నిలుపుతాయని అమ్ముతారు. చలవ నిలుపుతాయి కూడా. కానీ వాటి అంచు గుండ్రంగా, మందంగా ఉంటుంది. కాఫీకి వాడుకోండి.

ఎక్కడ కొనాలి? మన ఊళ్లలో వైన్స్ అని బోర్డున్న దుకాణాల్లో వైన్ ఉండేది ఒక మూల అరలోనే, గ్లాసులు ఉండవు. హైదరాబాదులో బేగం బజార్ క్రాకరీ దుకాణాల్లో హోటళ్ల సరుకు డజన్ల లెక్కన దొరుకుతుంది. థాయ్‌లాండ్ ఓషన్, ఇటలీ బోర్మియోలి, టర్కీ పాషాబాచే గ్లాసుల గురించి అడగండి. పేరు చూసి కొనేయకండి, ఒకే కంపెనీ ఉబ్బు అంచు రకమూ కోసిన అంచు రకమూ రెండూ చేస్తుంది, రెండింటి ధరా వేరు. హైటెక్ సిటీలో 2018లో తెరిచిన ఐకియాలో విడి గ్లాసును చేతిలోకి తీసుకుని తడిమి చూడొచ్చు, అది పెద్ద సౌకర్యం. ఆన్‌లైన్‌లో కొంటే అంచు దగ్గరి ఫొటో ఉన్నదాన్నే ఎంచుకోండి. వివరాల్లో లేజర్ కట్ రిమ్ అని ఉందో లేదో చూడండి. ఎత్తు, పొట్ట వెడల్పు, పట్టే కొలత మూడూ ఇవ్వని సరుకు వదిలేయండి. పగిలితే మళ్లీ పంపుతారో లేదో ముందే చదువుకోండి.

ఎన్ని? నలుగురు కూర్చునే ఇల్లయితే ఆరు, ఆరుగురు కూర్చునే ఇల్లయితే ఎనిమిది. అదనపు రెండూ పగలబోయే వాటికి. వైన్ గ్లాసు పగలడం ఖాయం, ఎప్పుడన్నదే ప్రశ్న. అందుకని ఎన్నో ఏళ్లుగా అమ్ముడవుతున్న, విడిగా దొరికే మోడల్ తీసుకోండి. పండగ ఆఫర్‌లో వచ్చి మాయమయ్యే డిజైన్‌లో ఒకటి పగిలితే వరస మొత్తం చెడుతుంది. నేను పెట్టుకునే గీత ఒకటి చెబుతాను: ఒక గ్లాసు ధర, మీరు మామూలుగా తాగే సీసా ధరలో సగం దాటకూడదు. వెయ్యి రూపాయల సీసా తాగేవాళ్లు 500 దగ్గర ఆగాలి. ఆ ధరకు పగిలినా మనసు కష్టపెట్టుకోకుండా వాడతారు. 5000 గ్లాసు అలమరలోనే ఉండిపోతుంది, వైన్ మళ్లీ స్టీలు గ్లాసులోకే పోతుంది.

ఇంత చూసి కొన్న గ్లాసును పాడుచేసేది కడగడం. తెలుగు ఇంట్లో సింకు అంటే కుక్కర్లు, స్టీలు గిన్నెలు, గరిటెలు. వాటితో కలిపి వేస్తే ఒక్క రాత్రి చాలు. వైన్ తాగిన వెంటనే గ్లాసులో సగం నీళ్లు పోసి గట్టు మీద లోపలివైపుకు జరిపి వదిలేయండి. తెల్లారాక, మత్తూ తొందరా లేనప్పుడు కడగండి. సింకు అడుగున పాత తువ్వాలు మడిచి పరవండి. గోరువెచ్చటి నీళ్లు, వాసన లేని లిక్విడ్ ఒకటి రెండు చుక్కలు, మెత్తటి స్పాంజి. నిమ్మ వాసన సబ్బు బిళ్ల, స్టీలు పీచు దగ్గరికి రానివ్వొద్దు. పీచు గీతలు పెడుతుంది, సబ్బు వాసన అంచుకు అంటుకుని తర్వాతి వైన్‌లో తేలుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి గ్లాసు మీద వేడినీళ్లు పోయొద్దు, లోపలి గాజూ బయటి గాజూ ఒకేసారి వ్యాకోచించక పగులుతుంది.

తుడిచేటప్పుడే ఎక్కువ గ్లాసులు విరుగుతాయి, అదీ ఒకే పద్ధతిలో. ఎడమ చేత్తో పీట పట్టుకుని కుడి చేత్తో పొట్ట లోపల గుడ్డ తిప్పుతాం. రెండు చేతులూ ఎదురెదురుగా తిరిగేసరికి ఆ మెలి అంతా కాడ మీద పడి టక్కున విరుగుతుంది, విరిగిన కాడ అరచేతిలో దిగుతుంది. పొట్ట తుడిచేటప్పుడు పొట్టనే పట్టుకోండి, పీట తుడిచేటప్పుడు పీటనే. నూలు రాలని మైక్రోఫైబర్ గుడ్డలు రెండు తీసుకోండి, ఒకటి పట్టుకోవడానికి, ఒకటి తుడవడానికి.

బోరు నీళ్లున్న ఇళ్లలో గ్లాసు మీద తెల్లటి మచ్చలు కడతాయి. నీటిలోని కాల్షియం అది. చివరి జాలాడింపు ఆర్‌వో నీళ్లతో చేస్తే రాదు, ఒక గ్లాసుకు పావు లీటరు చాలు. ఇప్పటికే మచ్చలు కట్టి ఉంటే తెల్ల వెనిగర్ ఒక వంతు, నీళ్లు మూడు వంతులు కలిపి అరగంట నానబెట్టండి. పోతే అది సున్నపు పొర. ఎంత నానబెట్టినా పొగమంచులా మసక మిగిలితే గాజే తినేసుకుపోయిందని అర్థం. డిష్‌వాషర్‌లో ఎక్కువ వేడి, ఎక్కువ డిటర్జెంటు కలిసి గాజు పైపొరను కరిగించడం వల్ల వస్తుంది. అది మళ్లీ పోదు. డిష్‌వాషర్ వాడక తప్పకపోతే పై అరలో, గ్లాసులు ఒకదానికొకటి తగలకుండా, తక్కువ వేడి ప్రోగ్రాంలో పెట్టండి. నీళ్లు ఆగగానే తలుపు తెరిచి ఆవిరి పోనివ్వండి.

అలమరలో బోర్లించొద్దు. పలచటి అంచు మీద బరువు పడుతుంది, పైగా చెక్క వాసన, కింద పరిచిన ప్లాస్టిక్ షీటు వాసన లోపల చిక్కుకుంటుంది. నిలబెట్టే పెట్టండి, దుమ్ము పడితే వాడే ముందు కడుక్కోవచ్చు. ఇంగువ డబ్బా ఉన్న అరలో, కలరా ఉండలు వేసిన బీరువాలో, అగరుబత్తీలున్న దేవుడి గూటి పక్కన వద్దు. సీసా తెరిచే ముందు ఖాళీ గ్లాసులో ముక్కు పెట్టి చూడండి. ఏ వాసనా రాకూడదు. అట్టపెట్టె వాసనో తిరగమోత వాసనో తగిలితే మంచినీళ్లతో జాలాడించి, చెంచాడు వైన్ పోసి గోడలన్నీ తడిసేలా తిప్పండి. ఆ చెంచాడు తర్వాతి గ్లాసులోకి ఒంపి దాన్నీ అలాగే తిప్పండి. ఆరు గ్లాసులకూ ఆ ఒక్క చెంచా సరిపోతుంది. చివర్లో దాన్ని పారబోసి, పొట్ట వెడల్పు దాకా పోసుకోండి.